దుప్పి ఫొటోకి దగ్గరకు వెళ్లాలా, దూరం నుంచే తీయాలా? కంబాలకొండ అనుభవంతో ఒక సలహా

మొన్న సంక్రాంతి సెలవులకు ఎంవీపీ కాలనీ నుంచి మా మేనల్లుడు వచ్చాడు. కూర్చోగానే ఫోన్‌లో ఒక లెన్స్ బొమ్మ చూపించాడు. 150-600 ఎంఎం జూమ్. ఈ అంకె పెద్దదయ్యేకొద్దీ దూరంలో ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. "మావయ్యా, ఇది కొనేయనా? లక్ష దాకా అవుతోంది. లేదంటే నా దగ్గరున్న 70-300 పట్టుకుని దగ్గరకు వెళ్లడం నేర్చుకోనా? మా ఫ్రెండ్స్‌లో సగం మంది అలా అంటున్నారు, సగం మంది ఇలా అంటున్నారు" అన్నాడు.

భోజనాల మధ్యలో వాడికి నోటితో చెప్పింది సరిపోలేదనిపించి, కాస్త తీరిగ్గా రాస్తున్నాను. పదకొండేళ్లుగా వీలైన ప్రతి ఆదివారం చీకటితోనే బండి తీసి హనుమంతవాక దాటుతున్నాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మన విశాఖ అడవిలో దుప్పుల కోసమైతే పెద్ద లెన్స్ మొదట కొనక్కర్లేదు. అలాగని దుప్పి వెంట పాకుతూ వెళ్లమని కూడా చెప్పను. చిన్న లెన్స్ పట్టుకుని, గాలి చూసుకుని, ఒక మంచి చోట కూర్చుని, అది తనంతట తాను వచ్చేదాకా ఆగమంటాను. రెండు పద్ధతులూ చేసి, రెండింటిలోనూ తప్పులు చేశాకే ఇక్కడికి వచ్చాను.

వేటగాళ్ల నుంచి వచ్చిన ప్రశ్న

దగ్గరా దూరమా అన్న వాదన కెమెరాలు రాకముందు నుంచీ ఉంది. స్కాట్లాండ్ కొండల్లో ఎర్ర దుప్పిని వేటాడేవాళ్లు గాలికి ఎదురుగా, గడ్డిలో పొట్ట మీద పాకుతూ, వీలైనంత దగ్గరకు వెళ్లి గాని తుపాకీ ఎత్తరు. అమెరికాలో పడమటి వైపు విశాలమైన మైదానాల్లో, కొండవాలుల్లో వందల మీటర్ల దూరం నుంచి కాల్చేవాళ్లున్నారు. దగ్గరివాళ్లు దూరంవాళ్లను అడిగే ప్రశ్న ఒకటే. అయిదు వందల మీటర్ల దూరం వెళ్లడానికి తూటాకు అర సెకను పైనే పడుతుంది. ఆలోగా జంతువు ఒక్క అడుగు ముందుకు వేస్తే? గాలి కాస్త పక్కకు కొడితే? తగలాల్సిన చోట తగలక, గాయంతో పారిపోయి ఎక్కడో పొదలో చస్తుంది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పి వేట నేరం. అందుకు సంతోషించేవాళ్లలో నేనొకణ్ణి. కానీ వేటగాళ్లు తరతరాలుగా నేర్చుకున్న విద్య అంతా, గాలివాటు చూడడం, అడుగుజాడ చదవడం, మాటు వేయడం, కెమెరా పట్టుకున్నవాళ్లకు అక్షరాలా పనికొస్తుంది. 1920లలో ఉత్తర భారతంలో అటవీ అధికారిగా ఉన్న ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ తుపాకీ పక్కన పెట్టి, రాత్రిపూట జంతువు కాలు తీగకు తగిలితే ఫ్లాష్ వెలిగి ఫొటో పడే ఏర్పాటు చేశాడు. పులుల వేటగాడిగా పేరుపడ్డ జిమ్ కార్బెట్ కెమెరా వైపు మళ్లడానికి ఆయన కూడా ఒక కారణం.

ఇంకో మాట. ఆ చట్టంలో "వేట" అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, ఎర వేయడం, తోలడం కూడా ఆ నిర్వచనంలో ఉన్నాయి. తోలడం అన్న మాట గుర్తుంచుకోండి, దాని గురించి మళ్లీ చెబుతాను.

కంబాలకొండ ఎలాంటి చోటు

తెలియనివాళ్ల కోసం. హనుమంతవాక నుంచి మధురవాడ వెళ్లే దారిలో, 16వ నంబరు జాతీయ రహదారిని ఆనుకునే ఉంటుంది ఈ అడవి. ఒకప్పుడు విజయనగరం రాజుల ఆధీనంలో ఉండేది. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఇంత పెద్ద నగరానికి ఇంత దగ్గరలో చిరుతపులి తిరిగే అడవి ఉండడం మామూలు విషయం కాదు. దుప్పి జాతిలో ఇక్కడ మూడు ఉన్నాయి. చుక్కల దుప్పి, పెద్దదైన కణితి (సాంబర్), కుక్కలా మొరిగే చిన్న జింక. కణితి ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. మొరిగే జింక ఒంటరిది, తుప్పల్లోంచి బయటికి రాదు. కాబట్టి ఫొటో అంటే చాలావరకు చుక్కల దుప్పే.

ఇది మైదానం కాదు. పొదలు, తుప్పలు, రాతి వాలులు, మధ్యలో అక్కడక్కడ గడ్డి, కింద గెడ్డలు, అంటే వాగులు. వానాకాలం తర్వాత అక్టోబరులో వెళితే ముప్పై అడుగుల అవతల ఏముందో కనిపించదు. ఫిబ్రవరి నుంచి ఆకు రాలుతుంది, గెడ్డల్లో నీళ్లు తగ్గి మడుగులుగా మిగులుతాయి, చూపు కాస్త దూరం పోతుంది. అప్పుడు కూడా ముప్పై నలభై మీటర్లకు మించి అడ్డం లేకుండా కనిపించే చోట్లు కొన్నే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే లెన్స్ ప్రశ్న సగం తేలిపోతుంది.

చాలా ఉదయాలు దుప్పి కనిపించదు. బురదలో గిట్టల గుర్తులు, పెంటికలు, అంతే. ట్రెక్కింగ్ దారి దాటి లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. గైడ్‌ను తీసుకెళ్లండి. పక్క ఊళ్ల నుంచి వచ్చే ఆ మనుషులకు తెలిసిన దాంట్లో పదో వంతు కూడా మనకు తెలియదు.

దగ్గరకు వెళ్లడం

ముందు ఇందులో ఉన్న మంచి చెబుతాను. పదిహేను మీటర్ల నుంచి తీసిన దుప్పి ఫొటోలో ఉండే ప్రాణం, వంద మీటర్ల నుంచి తీసినదాంట్లో ఉండదు. చెవి అంచున ఉన్న చిన్న చీలిక, ముక్కు మీది తడి, మెడ కింద తెల్లటి వెంట్రుకలు కనిపిస్తాయి. మధ్యలో గాలి తక్కువ కాబట్టి బొమ్మ శుభ్రంగా ఉంటుంది. చిన్న లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే చుట్టూ ఉన్న అడవి కూడా ఫ్రేములోకి వస్తుంది. దుప్పి ఎక్కడ నిలబడి ఉందో చూసేవాళ్లకు అర్థమవుతుంది.

దగ్గరకు వెళ్లాలనుకుంటే దుప్పికి మనం ఎలా తెలుస్తామో తెలియాలి. మొదటిది వాసన. రెండోది చప్పుడు, దాని చెవులు రెండూ విడివిడిగా తిరుగుతాయి. మూడోది కదలిక. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి వెనక కొద్ది మేర తప్ప చుట్టూ అంతా దానికి కనిపిస్తూనే ఉంటుంది. రంగుల విషయంలో మాత్రం మనకంటే వెనకబడి ఉంటుంది. ఎరుపు, నారింజ సరిగా పోల్చుకోలేదు. నీలం మాత్రం బాగా కనిపిస్తుంది. అందుకే జీన్స్ ప్యాంటు వేసుకుని అడవికి రావద్దంటాను. మెరుపు కోసం కొన్ని సర్ఫ్ పొడుల్లో కలిపే పదార్థం కూడా నీలి వెలుగునే చిమ్ముతుంది. పాత ఖాకీ, వెలిసిపోయిన ఆలివ్ పచ్చ నూలు బట్టలు చాలు. నడుస్తుంటే సరసరలాడే నైలాన్ జాకెట్ వద్దు.

గాలి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. విశాఖలో గాలికి ఒక రోజువారీ లెక్క ఉంది, అది తెలిస్తే సగం పని అయినట్టే. తెల్లవారకముందు కొండ మీద చల్లబడిన గాలి వాలు వెంట కిందికి జారుతుంది, నేల మీది నుంచి సముద్రం వైపు పోతుంది. ఆ వేళ మీరు కింద ఉండి పైకి చూస్తూ వెళితే దుప్పి వాసన మీ వైపు వస్తుంది గాని, మీ వాసన దానికి పోదు. ఎండ వాలు మీద పడ్డాక గాలి తిరగబడుతుంది. వేడెక్కి పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. ఇంకాసేపటికి సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి లోపలికి వస్తుంది. అంటే ఆరు గంటలకు సరైన దారి తొమ్మిదింటికి తప్పుడు దారి అవుతుంది. ఈ తిరిగే వేళలోనే, ఏడున్నర ఎనిమిది ప్రాంతంలో, గాలి ఎటూ కాకుండా ఊగుతూ ఉంటుంది. నేను ఎక్కువసార్లు పట్టుబడింది ఆ అరగంటలోనే.

నా చొక్కా జేబులో ఒక చిన్న డబ్బా ఉంటుంది, మాత్రల డబ్బా. అందులో బూరుగు దూది. వేలెడంత పీచు తీసి రెండు వేళ్ల మధ్య నలిపి వదిలితే, అది పడకుండా పోతూనే ఉంటుంది. పదడుగులు మన ముఖం వైపు వచ్చి, రాయి దగ్గర ఒక్కసారి పక్కకు తిరిగి, పొద చుట్టూ సుడి తిరిగి వెనక్కి పోతుంది. చెంప మీద గాలి తగలడం వేరు, అది ఏ దారిన పోతోందో కంటితో చూడడం వేరు. పౌడరు కూడా పనిచేస్తుంది, కానీ దాని వాసన దుప్పికి ముందే కబురు చెబుతుంది.

ఇక అడుగు. మడమ ముందు మోపకుండా పాదం బయటి అంచు మోపి, కింద ఎండు పుల్ల లేదని తెలిశాకే బరువు వేయాలి. దుప్పి తల దించి మేస్తున్నప్పుడు కదలాలి, తల ఎత్తితే ఉన్నచోట ఉన్నట్టే ఆగిపోవాలి. ఒక కాలు గాల్లో ఉన్నా సరే. తిన్నగా దాని వైపు నడవకూడదు, పక్కకు పోతున్నట్టు ఏటవాలుగా వెళ్లాలి. కళ్లలోకి అదే పనిగా చూడకూడదు. నలభై మీటర్లు ఇలా వెళ్లడానికి గంట పట్టిన రోజులున్నాయి.

ఇప్పుడు ఇందులో చెడు. స్విట్జర్లాండ్‌కు చెందిన హైనీ హెడిగర్ అనే జంతుశాస్త్రవేత్త ఒక మాట వాడుకలోకి తెచ్చాడు, పారిపోయే దూరం అని. ప్రతి జంతువుకూ ఒక గీత ఉంటుంది, శత్రువు అది దాటితే పరుగు తీస్తుంది. ఆ గీత అన్నిచోట్లా ఒకటి కాదు. మనుషులకు అలవాటుపడ్డ చోట అయిదారు మీటర్లు ఉండొచ్చు, వేట భయం ఉన్న చోట రెండు వందలు ఉండొచ్చు. పిల్ల పక్కన ఉంటే ఇంకా పెరుగుతుంది. దుప్పి ఆ గీత గురించి ముందే చెబుతుంది కూడా. తల ఎత్తి ఒకేచోట చూడడం, తోక లేపడం, ముందు కాలితో నేలను టపటపా తన్నడం. కాలు తన్నిందంటే మీ పని అయిపోయింది, వెనక్కి తగ్గాలి.

నాలుగేళ్ల కిందట ఫిబ్రవరిలో నేను తగ్గలేదు. గెడ్డ ఒడ్డున ఆరు దుప్పులు, అందులో ఒకటి పిల్లతల్లి. గాలి బాగుంది. గంటకు పైగా పాకాను, దాదాపు పదిహేను మీటర్లలోకి వెళ్లాను. తల్లి కాలు తన్నింది. ఇంకొక్క నాలుగు అడుగులు పోతే పిల్ల కూడా ఫ్రేములోకి వస్తుందని పోయాను. ఒక్క కూత వేసి మంద మొత్తం కిందికి, రోడ్డు వైపు దూకింది. పిల్ల మాత్రం వాటితో పోలేదు, పక్క తుప్పలో ముడుచుకుని పడుకుంది. కింద నుంచి కుక్కలు మొరగడం వినిపించింది. వెనకాలే ఉన్న గైడ్ గట్టిగా అరవలేదు, మెల్లగానే అన్నాడు. "ఏటి సార్, పిల్లతల్లిని తోలేసారు."

ఇద్దరం వెనక్కి వచ్చి ఎత్తు మీద రాతి చాటున కూర్చున్నాం. కుక్కలు పైకి వస్తే అదిలించాలని అతను చేతిలో కర్ర పట్టుకునే ఉన్నాడు. తొమ్మిది దాటాక తల్లి తిరిగొచ్చింది. తుప్ప దగ్గర ఆగి, చాలాసేపు వాసన చూసి, అప్పుడు లోపలికి వెళ్లింది. ఆ ఉదయం తీసిన ఫొటోలు పదునుగానే వచ్చాయి. ఎక్కడా పెట్టలేదు. అభయారణ్యంలో జంతువును వేధించకూడదని చట్టంలో రాసి ఉంది గాని, ఆ గంటన్నర రాతి చాటున కూర్చోవడం నాకు చట్టం కంటే బాగా చెప్పింది.

మనిషికి ఉన్న ప్రమాదం కూడా చెప్పాలి. పాకడం అంటే మొహం నేలకు అడుగు ఎత్తులో ఉండడం. తుప్పల్లో రక్తపింజరి ఉంటుంది. గడ్డిలో ఉండే సన్నటి పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది, మన రాష్ట్రంలో అది ఉంది. చేతులు, కాళ్లు నిండా కప్పుకోండి, ప్యాంటు అంచు సాక్సులో దోపండి, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు వేడి నీళ్లలో వేయండి. ఆ తర్వాత మూడు వారాల లోపు జ్వరం వస్తే డాక్టరుకు అడవికి వెళ్లానని తప్పకుండా చెప్పండి.

దూరం నుంచి తీయడం

దూరం నుంచి తీస్తే దుప్పికి మీరున్నట్టే తెలియదు. అది మేస్తుంది, పిల్లకు పాలిస్తుంది, మగవి రెండు కొమ్ములు కలిపి తోసుకుంటాయి. దాని సొంత బతుకు దాన్ని బతకనిచ్చి తీసిన ఫొటో అది. పిల్లలతో ఉన్న మందకు, గాయపడ్డ జంతువుకు, ఎండాకాలంలో మడుగు దగ్గరకు దాహంతో వచ్చినవాటికి ఇదొక్కటే పద్ధతి. ఇందులో రెండో ఆలోచన లేదు.

అయితే పెద్ద లెన్స్ కొంటే చాలు దూరం నుంచి ఫొటో వచ్చేస్తుందనే నమ్మకం దగ్గరే డబ్బులు పోతాయి. దూరం అంటే మధ్యలో ఖాళీ ఉండాలి. కంబాలకొండలో ఉండేది ఆకులు. ఎనభై మీటర్ల అవతల దుప్పి ఉందనుకోండి, మధ్యలో పాతిక కొమ్మలుంటాయి. ఫోకస్ వాటి మీదకు దూకుతూ ఉంటుంది. దుప్పి మీద పడినా, ముందున్న రెమ్మలు పచ్చటి పొగలా బొమ్మ మీద పరుచుకుంటాయి.

ఒక చిన్న లెక్క చెబుతాను. మనలో చాలామంది దగ్గర ఉండేది క్రాప్ సెన్సర్ కెమెరా, అంటే బొమ్మ పడే పలక కాస్త చిన్నగా ఉండేది. దానికి 300 ఎంఎం పెట్టి ముప్పై మీటర్ల దూరం చూస్తే, ఫ్రేము ఎత్తు సుమారు మీటరున్నర, వెడల్పు రెండుంబావు మీటర్లకు కాస్త పైన. చుక్కల దుప్పి భుజం ఎత్తు దాదాపు తొంభై సెంటీమీటర్లు. హాయిగా పడుతుంది, చుట్టూ ఊపిరాడేంత ఖాళీ ఉంటుంది. అదే దూరంలో 600 పెడితే ఫ్రేము ఎత్తు ఎనభై సెంటీమీటర్లు కూడా ఉండదు. తల, మెడ తప్ప ఏమీ పట్టదు. కంబాలకొండలో మనకు దొరికే చూపు ముప్పై నలభై మీటర్లే కాబట్టి 300 సరిగ్గా సరిపోతుంది.

"150-600లో 300కి తగ్గించుకోవచ్చు కదా మావయ్యా" అన్నాడు వాడు. తగ్గించుకోవచ్చు. కానీ 300 కోసం రెండు కిలోల బరువు మోసుకుంటూ కొండెక్కి, లక్ష రూపాయలు పెట్టడం ఎందుకు? 70-300 ముప్పావు కిలో ఉంటుంది. మెడలో వేసుకుని మూడు గంటలు కూర్చోవచ్చు. అడవిలో అలసిపోయిన చెయ్యే ఎక్కువ ఫొటోలు పాడుచేస్తుంది.

దూరానికి రెండో శత్రువు గాలి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ. ఎండ ముదిరాక నేల నుంచి లేచే వేడి సెగ కూడా కలిస్తే, వంద మీటర్ల అవతలి దుప్పి నీళ్లలో ప్రతిబింబంలా అల్లాడుతుంది. ఎంత ఖరీదైన లెన్సూ దాన్ని సరిచేయలేదు. మార్చి నెలలో తొమ్మిది దాటాక దూరం ఫొటో ఆశ వదులుకోవడం మంచిది. వేటగాళ్లకు తూటాతో వచ్చిన చిక్కే ఇదీ, మధ్యలో గాలి ఎక్కువైన కొద్దీ మన చేతిలో ఉండేది తక్కువ.

వణుకు కూడా. లెన్స్ అంకె ఎంతో షట్టర్ వేగం కూడా అంత ఉండాలని పాత లెక్క, 600కి కనీసం సెకనులో 600వ వంతు, 1/600. క్రాప్ కెమెరా అయితే ఇంకా ఎక్కువ. స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది గాని, దుప్పి తల తిప్పడాన్ని ఆపదు. తెల్లవారుజామున చెట్ల కింద లెన్స్ కన్ను ఎఫ్ 5.6 దాకా తెరిచి, షట్టర్ 1/250 పెడితేనే ఐఎస్ఓ 3200 దాకా పోతుంది. ఐఎస్ఓ అంటే తక్కువ వెలుగును కెమెరా పెంచి చూపించే లెక్క, అది పెరిగేకొద్దీ బొమ్మ మీద చుక్కలు పడతాయి. 1/1000 అడిగితే బొమ్మంతా ఇసుకే.

మరి పెద్ద లెన్స్ ఎక్కడ పనికొస్తుందంటే, మైదానంలో. ఒడిశా గంజాం జిల్లాలో భేట్నోయి వైపు పొలాల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. ఆ ఊళ్లవాళ్లు వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. కృష్ణజింక దుప్పి జాతిది కాదు, దాని కొమ్ములు ఏటా రాలిపోవు. అది వేరే సంగతి. అక్కడ చాటు ఉండదు, పాకినా కనిపిస్తారు. వంద మీటర్ల నుంచి 300తో తీస్తే జింక ఫ్రేము ఎత్తులో ఆరో వంతు ఉంటుంది. 600 పెడితే మూడో వంతు. అలాంటిచోట్లకు ఏటా రెండుమూడుసార్లు వెళతారని గట్టిగా అనుకుంటే అప్పుడు కొనండి. ఏడాదికోసారి అయితే అద్దెకు తెచ్చుకోండి.

నేను చేసేది

ఈ రెండింటికీ మధ్యలో మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న మాటుంది కదా, మాటు వేయడం. దాన్నే పట్టుకున్నాను. ఆ పిల్లతల్లి సంగతి జరిగిన తర్వాతి వారం, అదే గైడ్ నన్ను గెడ్డకు పైన ఒక చోట కూర్చోబెట్టాడు. వెనక రాయి, ముందు నడుమెత్తు తుప్ప, ఎదురుగా పాతిక ముప్పై మీటర్లలో మడుగుకు దిగే దారి. తెల్లవారకముందే కూర్చున్నాం. అరగంటకు నాకు కాళ్లు తిమ్మిరెక్కి, పైకి లేచి చూద్దామా అన్నాను. "కదలకండి సార్. అదే వస్తాది" అన్నాడు. ఆ రోజు రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. మూడోసారి వచ్చింది. మగది, కొమ్ములకు ఇంకా ముఖమల్ లాంటి చర్మం ఉంది. నీళ్లు తాగి, తల ఎత్తి, మా వైపే చూసి, మళ్లీ తల దించింది. ఏడు నిమిషాలు ఉంది. దగ్గరకు నేను వెళ్లలేదు, అదే వచ్చింది. అది వెళ్లిపోయాక కూడా పది నిమిషాలు కూర్చుని అప్పుడు లేచాం.

మాటుకు చోటు ఎంచుకోవడంలోనే మొత్తం విద్య ఉంది. ముందు రెండుమూడు ఉదయాలు కెమెరా లేకుండా తిరగండి. తాజా పెంటికలు నల్లగా, మెరుస్తూ ఉంటాయి, పాతవి గోధుమరంగుకు తిరిగి పొడిబారుతాయి. ఒకే దారిలో గిట్టల గుర్తులు రెండు వైపులా పోతుంటే అది రోజూ వాడే దారి. ఆ దారి మీదే కూర్చోకండి, గాలి వాటం చూసి పక్కకు పాతిక మీటర్లు జరగండి. ఎండ మీ వెనక నుంచో, పక్క నుంచో పడాలి. మడుగుకు మరీ దగ్గర కూడదు. ఎండాకాలంలో దానికి నీళ్లు ఆ ఒక్కచోటే ఉండొచ్చు, మీరున్నారని తాగకుండా వెళ్లిపోతే ఆ పాపం మనదే. ఎర వేయడం, ఉప్పు చల్లడం లాంటివి అసలే వద్దు.

కెమెరా ఆనించుకోవడానికి ట్రైపాడ్ కంటే నాకు సంచి ఇష్టం. మా ఆవిడ పాత ప్యాంటు కాలు ఒకటి మోకాలి దగ్గర కత్తిరించి, ఒక కొస కుట్టి, పెసలు పోసి రెండో కొస కూడా కుట్టింది. రాయి మీద వేసి గుప్పిటతో మధ్యలో గుంట చేస్తే లెన్స్ అందులో కుదురుగా కూర్చుంటుంది. ఎటు తిప్పినా చప్పుడు రాదు. బియ్యం పోస్తే పురుగు పడుతోంది, ఇసుక అయితే బరువు. ఫోన్ సైలెంట్ చేయండి, షట్టర్ కూడా చప్పుడు రాని మోడ్‌లో పెట్టండి.

ఎవరికి ఏది

ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు ముందు జూకి వెళ్లండి. 1977లో మొదలైన మన ఇందిరాగాంధీ జూ రోడ్డుకు అటువైపే కదా. అక్కడి దుప్పులకు మనుషులు అలవాటు, కాబట్టి దగ్గర నుంచి ఫోకస్ కంటి మీద నిలపడం, తల ఎత్తే క్షణం పట్టుకోవడం ఎవరినీ బాధపెట్టకుండా నేర్చుకోవచ్చు. సోమవారం సెలవు. నాలుగైదు ఆదివారాలు అక్కడ గడిపాక అడవికి రండి.

70-300 ఉన్నవాళ్లు దాంతోనే మాటు వేయండి. ఓపిక తక్కువ, నడవడం ఇష్టం అనుకునేవాళ్లు దారి మీదే నెమ్మదిగా నడవండి. తుప్పల్లోకి దిగకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, పిల్లలతో వచ్చేవాళ్లకు పాకడం ఎలాగూ కుదరదు, మాటు బాగా కుదురుతుంది. దగ్గరకు వెళ్లే పద్ధతి ఒంటరి మగ దుప్పి దగ్గర, చాటు ఉన్నచోట, అనుభవమున్న గైడ్ పక్కన ఉంటేనే. పిల్లలున్న మందనైతే దూరం నుంచే, లేదా అసలే వద్దు.

పెద్ద లెన్స్ కొన్నవాళ్లకు ఒక్క ముఖ్యమైన మాట. విశాఖ తేమకు లెన్స్‌లో ఫంగస్ పట్టడం చూస్తుండగానే జరుగుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, వారానికోసారి బయటికి తీసి వాడండి. ఏసీ గదిలోంచి తెల్లవారుజామున తిన్నగా బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. రాత్రే బ్యాగు వరండాలోకి మార్చి పెట్టుకోండి.

చివరికి మా వాడు ఏం చేశాడంటే, 600 రెండు రోజులకు అద్దెకు తెచ్చాడు. మొదటి రోజు జూలో, రెండో రోజు కంబాలకొండలో. రెండో రోజు కార్డులో నాలుగు వందల ఫొటోలుంటే, అందులో మూడు వందల పైచిలుకు ఆకుల మీదే ఫోకస్ ఉంది. ఏమీ అనలేదు నేను. తర్వాతి ఆదివారం తన 70-300, మా ఇంటి పెసల సంచీ పట్టుకుని గెడ్డ దగ్గర నా పక్కన కూర్చున్నాడు. ఏడుంబావుకు మొరిగే జింక ఒకటి, దానికి మేమున్నట్టు తెలియకుండానే, తుప్పలోంచి సగం బయటికి వచ్చి ఆగింది. వాడు ఒక్కటే తీశాడు. జింక తలా, ఒక ముందు కాలూ, మిగతా అంతా పొద. ఇప్పుడు వాడి గదిలో గోడకు ఆ ఫొటోయే ఉంది.